మేబులమ్మ గౌను

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో, ఒక మందుల షాపు మెట్ల కింద నా మిషను ఉండాది. జాకెట్లు, లంగాలు, చుడీదార్లు కుడతాను. నా పేరు ప్రసన్నకుమారి. అయిదో తరగతి దాకా చదివినాను. మనుషులతో ఎక్కువ మాట్లాడలేను. నా పనికి మాటలు అక్కర్లేదు కూడా. ఆడోళ్ళు వచ్చి కొత్త గుడ్డా, దాని మీద ఆది జాకెట్టూ పెట్టి పోతారు. ఆది జాకెట్టంటే వాళ్ళకి బాగా కుదిరిన పాతది. దాన్ని సగానికి మడిచి పరుచుకుని, ఆ కొలతకే కొత్తది కత్తిరిస్తాను. మనిషిని నిలబెట్టి టేపు చుట్టే పని తక్కువ. ముప్పై ఏళ్ళుగా మనుషుల ముఖాలు చూడకుండా, వాళ్ళ పాత గుడ్డలు చూసే బతికినాను.

ఇది జరిగింది పోయిన ఎండాకాలంలో. పట్టపగలు.

నాకు ఒకతే బిడ్డ, సుజన. డిగ్రీ రెండో సంవత్సరం. మా ఆయన సంగం బ్యారేజీ కాడ పనికి పోతే చీకటి పడినాకనే వస్తాడు, కాబట్టి ఇంట్లో నేనూ అదే. దానికి ఒక పాడు అలవాటు ఉండేది. చదివేటప్పుడూ, ఫోను చూసేటప్పుడూ చుడీదారు కుడి చేతి అంచు నోట్లో పెట్టుకుని నములుతుంది. దాని చుడీదార్లన్నిటికీ కుడి చేతి అంచున దారాలు లేచిపోయి ఉంటాయి.

"ఏంది మే, ఎలకవా నువ్వు?" అని తిట్టి మళ్ళీ మడిచి కుట్టేదాన్ని.

"నేను నమలబట్టే గదమ్మా నీ మిషనుకి గిరాకీ!" అనేది.

ఒకరోజు అది ఒక సార్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. శాంతికుమార్ అని, వింజమూరులో టీచరు. సెలవుల్లో చిన్న చిన్న సినిమాలు తీసి యూట్యూబులో పెడతాడంట.

"ఆంటీ, మీ సుజన నా సినిమాలో హీరోయిను. కథ మీకు తెలిసిందే. మేబులమ్మ కథ. ఆ పాత గౌను మీ దగ్గరే ఉందంట గదా, అదే కావాలి."

నేను టేపు చుట్టి డబ్బాలో పెట్టేసినాను.

ఆ పుస్తకం పేరు నాకు నోరు తిరగదు. పాతకాలపు ఇంగ్లీషు నవల. ఉదయగిరి కొండ కింద బంగళాలో ఉండిన దొరసాని ఓడలో తెచ్చుకున్నదంట. అందులో మేబుల్ అని తల్లీతండ్రీ లేని పిల్ల, ఒక పెద్దింట్లో పిల్లలకి చదువు చెప్పేదానికి పోతుంది. ఆ ఇంట్లో ఒక గది ఎప్పుడూ మూసి ఉంటుంది. ఒకరోజు తెరిచి చూస్తే లోపల కొక్కేనికి గౌను వేలాడతా ఉంటుంది. చచ్చిపోయిన ఇంటామె క్లారాది. మేబుల్ సరదాకి వేసుకుంటుంది. క్లారా పొడుగు మనిషి, మేబుల్ పొట్టి పిల్ల. అయినా కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. ఆ రోజు నుంచి ఇంట్లోవాళ్ళు ఆ పిల్లని క్లారా అని పిలుస్తారు. కడాపేజీలో ఆ పిల్ల "ఆఁ" అని పలుకుతుంది. అంతే కథ.

దొరసానికి ఆ ముగింపు నచ్చలేదు. తాను నడిపే హాస్టలు పిల్లల చేత క్రిస్మస్‌కి నాటకం వేయించినప్పుడు, మేబుల్ మోకాళ్ళ మీద ప్రార్థన చేసి గౌను విప్పి పక్కన పెట్టేసినట్టు మార్చింది. నాటకం కోసమని గౌను కుట్టింది కూడా ఆమే. తెల్లటి గౌను, మెడ దాకా గుండీలు, మణికట్టు దాకా చేతులు. అప్పటి నుంచి మా పక్క అందరూ ఆ పిల్లని మేబులమ్మ అనే అంటారు, మన ఊరి పిల్ల మాదిరి. మా అమ్మ కాలంలో డేవిడ్‌రాజు అని ఒక హెడ్మాస్టరు, అదే కథని హార్మోనియం పెట్టి ఆడించినాడు. ఆయన మేబులమ్మ భయపడే రకం కాదు. టార్చిలైటు పట్టుకుని పోయి, గదిలో దాక్కున్న దొంగల్ని పట్టిస్తుంది. తొంభై నాలుగులో నెల్లూరు నుంచి పెళ్ళిళ్ళ వీడియోలు తీసే ఆయన వచ్చి క్యాసెట్టు తీసినాడు. ఆయన మేబులమ్మకి అరవడం, పరిగెత్తడం తప్ప ఇంకో పని లేదు. ఇట్లా ఒక్కొక్కరు ఒక్కో మేబులమ్మని చేసినారు. గౌను మాత్రం ఒకటే. కడాకి ఆ గౌను విప్పడమూ అన్నిట్లో ఒకటే.

గౌనుని ప్రతి పిల్లకీ సరిచేసింది మా అమ్మ లిదియమ్మ. హాస్టలుకి ఆమే కుట్టేది. అమ్మకి ఒక పట్టుదల. నాటకం అయిన రోజే గౌను తెప్పించుకుని, తాను వేసిన కుట్లన్నీ బ్లేడుతో విప్పేసి, దొరసాని కుట్టినప్పుడు ఎంత ఉండిందో అంతకి తెచ్చి మడిచి పెట్టేది.

"ఎందుకమ్మా, మళ్ళీ వేసుకునేదే గదా?" అని అడిగినాను చిన్నప్పుడు.

"బతికుండే మనిషి కొలత దాంట్లో వదలకూడదు పాపా," అన్నది. అంతకన్నా చెప్పలేదు.

తొంభై నాలుగులో అమ్మ చేతికి కురుపు లేచింది. గౌను నేనే సరిచేసినాను. నాకు పద్దెనిమిదేళ్ళు. మేబులమ్మ వేషం మధులత అని ఆత్మకూరు పిల్లది. చిన్నప్పుడు బండి మీద నుంచి పడి చెయ్యి విరిగితే, అతుక్కోవడం అతుక్కుంది గానీ ఎడమ చెయ్యి ఇంచి పొట్టి అయిపోయింది. అది కనపడకుండా ఎప్పుడూ నిండు చేతుల జాకెట్లే వేసుకునేది. గౌనుకి ఎడమ చెయ్యి ఇంచి మడిచి కుట్టినాను. "నా చెయ్యి సంగతి ఎవురికీ చెప్పబాక ప్రసన్నా," అన్నది. చాలా మంచి పిల్ల.

కడారోజు వీడియో ఆయన లైటు బల్బు పగిలి గాజుపెంకులు ఎగిరినాయి. గౌను విప్పే సీను తీయకుండానే సర్దుకుని పోయినారు. గౌను నా కాడికి నెల తర్వాత వచ్చింది. రేపు విప్పుదాం, ఎల్లుండి విప్పుదాం అనుకుని ట్రంకుపెట్టె అడుగున పెట్టేసినాను.

"విప్పినావా?" అని అడిగింది అమ్మ.

"విప్పినానమ్మా," అన్నాను.

మూడు నెలలకి మధులత జ్వరంతో చచ్చిపోయింది. శవపెట్టెలో పెట్టేటప్పుడు తొడిగేదానికి తెల్ల జాకెట్టు కావాల్సి వచ్చింది. అమ్మ ఆ పిల్ల ఆది జాకెట్టు తెప్పించుకుని, దాంట్లో ఉన్నట్టే ఎడమ చెయ్యి ఇంచి తక్కువ పెట్టి గబగబా కుట్టింది. తొడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కుడి చెయ్యి మణికట్టు కాడికి వచ్చింది. ఎడమ చెయ్యి రాలేదు. మణికట్టు బయటికి వచ్చేసింది.

అమ్మ ఆ పిల్ల రెండు చేతులూ దగ్గరికి తెచ్చి పక్కపక్కన పెట్టింది.

సమంగా ఉండినాయి.

అమ్మ తలెత్తి నన్ను చూసింది. "విప్పినావా ప్రసన్నా?"

"విప్పినానమ్మా."

తర్వాత ముప్పై ఏళ్ళు అమ్మ ఆ మాట ఎత్తలేదు. పోయిన సంవత్సరం ఆమె కన్నుమూసినాక ట్రంకుపెట్టె నా ఇంటికి వచ్చింది. గౌను అందులోనే ఉండాది. మధులత కొలతతోనే.

ఇదంతా శాంతికుమార్‌కి ఎట్లా చెప్పేది? మగోళ్ళ ముందర నాకు గొంతు లేవదు. వద్దులే అని మాత్రం అన్నాను. సుజన మూతి ముడుచుకుంది. "నా జీవితంలో ఒక్కటన్నా చెయ్యనీవా అమ్మా?"

"పాత గౌను ఇయ్యను," అన్నాను ఆఖరుకి. "కొత్తది కుట్టి ఇస్తా."

"ఇంకా మంచిది ఆంటీ! పాతది వేసుకుంటే తుమ్ములే వస్తాయి. దెయ్యం సినిమాలో హీరోయిను తుమ్మితే ఎట్లా?" అని నవ్వినాడు.

తప్పించుకున్నాననుకున్నాను. తెల్ల పాప్లిను గుడ్డ తెచ్చుకున్నాను. పరిచి, కత్తెర పట్టుకుని కూచుంటే చెయ్యి ఆడలేదు. అట్లాంటి గౌను నేను ఎప్పుడూ కత్తిరించలేదు. ఆ మెడ, ఆ చేతుల తీరు నాకు తెలియవు. ముప్పై ఏళ్ళ అలవాటు... ట్రంకుపెట్టె తెరిచి పాత గౌను తీసినాను. సగానికి మడిచి, కుడి పక్క పైకి పెట్టుకుని, కొత్త గుడ్డ మీద పరిచినాను.

దాన్నే ఆది పెట్టుకున్నాను.

పాతది తొడిగితేనే గదా ముప్పు, పక్కన పెట్టుకుంటే ఏమైతుందని అనుకున్నాను. ఆది ఇచ్చిన మనిషికే గుడ్డ కుదురుతుందని రోజూ కుట్టే నాకే తట్టలేదు.

కుట్టినాక ఇంట్లో తొడిగి చూస్తే సుజనకి అంతా వదులు. మధులత కొంచెం ఒళ్ళు ఉండే పిల్ల. ఇది పుల్ల మాదిరి ఉంటుంది. భుజాలు జారినాయి. నడుము కాడ రెండించీలు గుడ్డ మిగిలింది.

"షూటింగు రోజు గుండుసూదులు పెట్టి సరిచేస్తాలే," అన్నాను.

రెండో శనివారం ఉదయగిరి బస్సెక్కినాము. సుజన నిద్రపోతా, కుడి చేతి అంచు నోట్లో పెట్టుకునే ఉండింది. దాన్ని అట్లా చూసింది అదే కడాసారి.

దొరసాని బంగళా కొండకి ఆనుకుని ఉంటుంది. ఇప్పుడెవరూ లేరు. సుందరయ్య అని ముసలి వాచ్‌మన్ ఒక్కడే. శాంతికుమార్‌కి రాత్రి సీను కావాలి, కానీ రాత్రి ఆడపిల్లని పెట్టుకుని తీయలేనని పగలే చీకటి చేసినాడు. హాలు కిటికీలకి నల్ల పట్టలు కట్టి, వాటి మీద తడి గోతాలు వేలాడదీసినారు. బయట కళ్ళు తెరవలేని ఎండ. వాకిలి దాటి లోపలికి పోతే అర్ధరాత్రి. తడి గోతాం వాసన, గబ్బిలాల రెట్ట వాసన, పాత కొయ్య వాసన. శబ్దం రాకూడదని ఫ్యాను కూడా ఆపేసినారు. గోతాల నుంచి నీటి చుక్కలు నేల మీద పడతా ఉండినాయి. టప్... టప్...

సుందరయ్య నన్ను గుర్తుపట్టినాడు. "లిదియమ్మ కూతురివి గదూ? ఆ పొద్దు ఇక్కడ క్యాసెట్టు తీసేటప్పుడు కూడా వచ్చినావే." చుట్టూ చూసి గొంతు తగ్గించినాడు. "పాపా, ఆ సారు గౌను విప్పే సీను లేదంటున్నాడే?"

"లేదా?"

"పుస్తకంలో ఉన్నట్టే తీస్తాడంట. విప్పదంట. మీ అమ్మ ఉంటే ఒప్పుకునేదా?"

హాలు చివర గదికి తలుపు వేసి ఉండింది. దాని ముందు బల్ల మీద ఒక చిన్న దీపం. ఆ దీపం ముందర సుజన గౌను తొడుక్కుని, నాకు వీపు పెట్టి నిలబడి ఉండింది. నేను గుండుసూదుల డబ్బా తీసుకుని దగ్గరికి పోయినాను. భుజం మీద చెయ్యి వేసినాను.

జారలేదు.

నడుము కాడ పట్టి చూసినాను. రెండు వేళ్ళు కూడా దూరలేదు. గుడ్డ ఒంటికి పట్టినట్టు ఉండాది. నేను ఇంకా ఒక్క కుట్టు కూడా తగ్గించలేదు.

"ఆంటీ, భలే కుదిరింది," అని చీకట్లో నుంచి శాంతికుమార్ అన్నాడు. "కానీ ఎడమ చెయ్యి పొడుగు పెట్టేసినారే! వేళ్ళ మీదికి వచ్చేసింది చూడండి. మేబుల్ అనుకుంటిమి, సర్కసు బఫూన్ మాదిరి చెయ్యే కనపడ్డం లేదు!"

కెమెరా పట్టుకున్న నాగార్జున కిసుక్కున నవ్వినాడు.

కూచుని గౌను చేతులు రెండూ కొలిచినాను. కుడిది ఇరవై రెండు. ఎడమది ఇరవై రెండు. మడిచి కత్తిరించిన గుడ్డ గదా, తేడా ఎట్లా వస్తుంది?

అప్పుడు టేపు గుడ్డ మీద నుంచి తీసి బిడ్డ చెయ్యి మీద పెట్టినాను. కుడి చెయ్యి, భుజం నుంచి మణికట్టుకి... ఇరవై రెండు.

ఎడమ చెయ్యి.

ఇరవై ఒకటి.

మళ్ళీ కొలిచినాను. దీపం దగ్గరికి లాగి కొలిచినాను. ఇరవై ఒకటి. మోచేతి కింద ఎముక వేళ్ళకి తగిలింది. ఒక చోట బుడిపె. విరిగి అతుక్కున్న ఎముక మాదిరి...

నా బిడ్డకి ఎప్పుడూ చెయ్యి విరగలేదు.

"సుజనా," అన్నాను గుసగుసగా. "సుజనా..."

అది నా పక్క తిరగలేదు. మూసిన తలుపునే చూస్తా ఉండింది.

"విప్పు పాపా. గౌను విప్పేయ్."

ఎడమ చెయ్యి నా చేతిలో నుంచి మెల్లిగా లాక్కుని, గౌను మడతలో దాచుకుంది.

లేచి నిలబడినాను. చెప్పాలి. ఆపమని గట్టిగా చెప్పాలి. నోరు తెరిచినాను. "సార్..."

"సైలెన్స్ ఆంటీ, ప్లీజ్. పక్కకి రండి. రోలింగ్."

నోరు మూసుకుని పక్కకి పోయినాను. దేవుడు నన్ను క్షమించడు. పక్కకి పోయినాను.

దీపం వత్తి తగ్గించినారు. చీకటి గోతాం మాదిరి మీద పడింది. టప్... టప్... ఆ చప్పుడు తప్ప ఏమీ లేదు. తలుపు వెనక నుంచి క్లారా పేరు పిలిచే గొంతు తర్వాత కలుపుకుంటారంట. ఇప్పుడు ఆ పిల్ల తలుపు వైపు చూసి, మూడుసార్లు పిలిచినంత సేపు ఆగి, "ఆఁ" అనాలి. అంతే.

అది ఆగింది.

గోతాం నుంచి ఇంకో చుక్క పడింది.

తలుపు వెనక నుంచి...

"అమ్మా."

నా సుజన గొంతు.

దీపం ముందు నిలబడిన పిల్ల పెదవులు మూసే ఉండినాయి. నేను చూస్తానే ఉన్నాను. మూసే ఉండినాయి.

"అమ్మా... ఇక్కడ చీకటిగా ఉండాది..."

అప్పుడు ఈ పిల్ల తల కొంచెం పక్కకి వంచి, తలుపు వైపు చూసి, మెల్లిగా నవ్వింది.

"ఆఁ," అన్నది.

"కట్! సూపర్!"

నేను పరిగెత్తినాను. దీపం బల్ల తన్నుకుని పడింది. తలుపు తోసినాను. తెరుచుకోలేదు. రెండు చేతులతో కొట్టినాను. పుట్టి బుద్ధెరిగినాక నేను అంత గట్టిగా అరిచింది లేదు. సుందరయ్య తాళం తెచ్చి తీసేటప్పటికి నా చేతులు దోక్కుపోయినాయి. లోపల ఖాళీ. ఒక కిటికీ, గబ్బిలాలు, గోడకి కొక్కెం. కొక్కేనికి ఏమీ లేదు.

"ఏమైంది ఆంటీ?" శాంతికుమార్ బెదిరిపోయినాడు. "'అమ్మా' అన్నది మీరేనా? టేకులో పడింది. పర్లేదు లెండి, తీసేస్తాను."

నాగార్జున నవ్వలేదు. చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోను తీసేసి తలుపు వైపే చూస్తా ఉండినాడు.

బస్సులో సుజన కిటికీ పక్కన కూచుంది. నిద్రపోలేదు. చెయ్యి నోటి కాడికి పోలేదు. ఇంటికి రాగానే కొత్త గౌనుని ముక్కముక్కగా విప్పేసినాను. పక్క మీద పడుకున్న దాని చెయ్యి కొలిచినాను. ఇరవై ఒకటి.

మరుసటి రోజు ఆదివారం. అది స్నానం చేసి, తన పచ్చ చుడీదారు తొడుక్కుని నా ముందుకి వచ్చింది.

"ఎడమ చెయ్యి పొడుగైంది. ఇంచి మడిచి కుట్టు," అన్నది. తర్వాత గొంతు తగ్గించింది. "ఎవురికీ చెప్పబాక."

అమ్మా అనలేదు.

వాళ్ళ నాయనతో ఆదివారం ఆరాధనకి చర్చి గుడికి పోయింది. బాగా ఉండాదంట, ఒద్దికగా ఉండాదంట, అందరూ మెచ్చుకున్నారు. నేను పోలేదు. లోపల గడి పెట్టుకుని ట్రంకుపెట్టె తెరిచినాను. ముప్పై ఏళ్ళ కింద చెయ్యాల్సిన పని ఇప్పుడన్నా చేద్దామని బ్లేడు తీసుకున్నాను. మధులత కొలత విప్పేస్తే నా బిడ్డ నాకు వస్తుందని.

గౌను పరిచి ఎడమ చెయ్యి పట్టుకున్నాను. నేను ఇంచి మడిచి వేసిన కుట్టు కోసం వెతికినాను.

మడత లేదు.

టేపు పెట్టినాను. ఎడమది ఇరవై రెండు. కుడిది ఇరవై రెండు. నడుము కొలిచినాను. రెండించీలు తగ్గింది. భుజం తగ్గింది. నేను కాన్పు నుంచి పెంచిన ఒళ్ళు గదా, టేపు లేకుండానే చెప్పగలను. అది సుజన కొలత. లోపల కుట్లు మాత్రం నావే. నా చేతి కుట్టు నేను ఎరగనా? ఎప్పుడు వేసినానో తెలియదు.

ఇవి విప్పితే నా బిడ్డ బయటికి వస్తుందా? లేకుంటే ఉండేదీ లేకుండా పోతుందా? మా అమ్మ ఉంటే చెప్పేది. అమ్మకి నేను అబద్ధం చెప్పినాను.

బ్లేడు పట్టుకుని కూచుంటే గుడి విడిచే టైమైంది. ఒక్క కుట్టు కూడా తెంపలేకపోయినాను. మళ్ళీ మడుస్తా ఉంటే గౌను కుడి చెయ్యి నా వేళ్ళకి తగిలింది.

అంచు తడిగా ఉండాది. వెచ్చగా ఉండాది.

దారాలన్నీ లేచిపోయి, నమిలి ఉండాయి.